రాజెన్ అరచేయి

రాజెన్ రోజూ క్లెయిర్‌వుడ్ పేటలోని ఇంటి నుంచి ఏడింటికల్లా డర్బన్ రేవులోని పడవల యార్డుకి చేరుకునేవాడు. టీ తాగడం పూర్తికాకుండానే ఎవరో ఒకరు ఏదో బోల్టు తెచ్చి అతని అరచేతిలో పెట్టేవారు. ఉప్పునీటిలో నిలిచే లోహమైతే ఆ చేతిలో వెచ్చబడేది. నిలవనిదైతే చల్లగా ఉండిపోయేది. వేడి అంటే పడవకు బిగించేవారు, చల్లన అంటే పక్కన పడేసేవారు. ఇరవై రెండేళ్లుగా అంతే.

ఫోర్‌మన్ ఉద్యోగం మాత్రం ఎప్పుడూ తెల్లవాళ్లదే. తొంభై నాలుగులో దక్షిణాఫ్రికాలో మొదటిసారి ఏ రంగువాళ్లన్న తేడా లేకుండా అందరూ ఓట్లు వేశారు. మరుసటి ఏడు ముసలి ఫోర్‌మన్ మానేస్తే, ఇక ఆ కుర్చీ తనదే అనుకున్నాడు రాజెన్. భార్య ప్రేమీ కొత్త చొక్కా కూడా కుట్టించింది. యజమాని మాత్రం విశాఖపట్నం నుంచి రాధాకృష్ణ అనే ఇంజనీరుని తెచ్చి అందులో కూర్చోబెట్టాడు.

రాధాకృష్ణకి ముప్పై ఏళ్లు, మర్యాదస్తుడు. రాజెన్‌కి తాతల నుంచి నాలుగు తెలుగు ముక్కలు వచ్చని తెలిసి సంబరపడి "అన్నా" అని పిలవసాగాడు. ఒక ఆదివారం ప్రేమీ అతన్ని భోజనానికి పిలిచింది. అమ్మమ్మ పోయాక మళ్లీ వినని మాటలు అతని నోట వింటూ, అడక్కుండానే పులుసు వడ్డిస్తూ పోయింది. రాజెన్‌కి ముద్ద దిగలేదు.

మే నెలలో ఎవెలిన్ అనే ఆవిడ తన చేపల పడవని, చుక్కాని బాగుచేయించడానికి తెచ్చింది. ఆవిడ తమ్ముళ్లిద్దరూ దానిమీదే సముద్రానికి వెళ్తారు. అరిగిన కంచు బోల్టుల బదులు రాధాకృష్ణ స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించాడు. గట్టివి, తుప్పు పట్టవు అన్నాడు. అయినా యార్డు పద్ధతి ప్రకారం ఒకటి రాజెన్ చేతిలో పెట్టాడు.

అది మంచుముక్కలా ఉంది. ఎందుకో కూడా రాజెన్‌కి తెలుసు. తడిచెక్క లోపల, గాలి తగలని నీటిలో, స్టీలు పైకి మెరుస్తూనే లోలోపల గుంటలు పడి ఒకరోజు పుటుక్కున తెగుతుంది. అప్పుడు పోయేది రాధాకృష్ణ పేరే.

"వేడి," అన్నాడు రాజెన్.

ఆ సాయంత్రం అతను పట్టుకోగానే కప్పులో టీ చల్లారిపోయింది. మర్నాడు మంచి కంచు కూడా చేతిలో చల్లగానే ఉంది. రాజెన్ చేతికి జలుబు చేసిందని యార్డులో అనుకున్నారు. ప్రేమీ ఆ చేయి పట్టుకుని చటుక్కున వదిలేసింది.

"ఎవరికేం సేసినావు?" అని అడిగింది.

అతను లేచి లైటు ఆర్పేశాడు.

మూడోరోజు పొద్దున పడవని నీళ్లలోకి దించడానికి తాళ్లు కడుతుంటే రాజెన్ వెళ్లి ఆపించాడు. మిగిలిపోయిన స్టీలు బోల్టు ఒకటి రాధాకృష్ణ చేతిలో పెట్టాడు.

"తమ్ముడూ, ఇది సల్లన. నేను అబద్ధం సెప్పినాను. నిన్ను సూస్తే నాకు కుళ్లు."

రాధాకృష్ణ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, పిడికిలి విప్పి బోల్టుకేసి చూశాడు.

"నిజంగానే చల్లగా ఉందన్నా."

రాజెన్ ఒక కంచు బోల్టు అందించాడు. రాధాకృష్ణ వేడి తగిలి ఉలిక్కిపడి దాన్ని రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

బోల్టులు మార్చారు. ఎవెలిన్ తమ్ముళ్లు సముద్రానికి వెళ్లారు, తిరిగొచ్చారు. ఆనాటి నుంచి యార్డువాళ్లు లోహాలు పట్టుకుని రాధాకృష్ణ దగ్గరికే వెళ్లేవారు. ఏది ఎందుకు నిలుస్తుందో, ఎందుకు నిలవదో రాజెన్ పక్కన నిలబడి వివరించేవాడు. రాధాకృష్ణ "వేడి" అన్న ప్రతిసారీ రాజెన్ తన చేతులు రెండూ జేబుల్లో దోపుకునేవాడు.