నలభై ఒకటో పేజీ

మణికట్టు దగ్గర నల్లకోటు అరిగి పోగులు తెల్లబడ్డాయి. ఆయన రోజూలాగే సిరాబుడ్డిలో అగ్గిపుల్ల ముంచి ఆ పోగుల మీద అద్దుతున్నాడు. కోర్టులో ఆయన్ని ‘వాయిదా’ అంటారు. సీనియర్ లాయరు ఇంకెక్కడో ఉంటాడు. ఈయన లేచి, "మా సీనియర్ గారు దారిలో ఉన్నారండీ, వాయిదా ఇప్పించండి" అని కూర్చుంటాడు. లా పట్టా పుచ్చుకుని ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగం ఇదీ! కేసు కాగితాలన్నీ గొడ్డులా రాసేది ఈయన, పేరు కొట్టేసేది సీనియర్.

కూతురు ఆయన మెడకు కట్టుకునే తెల్ల బ్యాండు ఇస్త్రీ చేసి తెచ్చింది. మొన్ననే ఆమె కూడా లా పాసయింది.

"కంపెనీవాళ్లు రమ్మంటున్నారు నాన్నా. జడ్జి పరీక్ష రాయమంటోంది నా స్నేహితురాలు. పాఠాలు చెప్పుకున్నా బతకొచ్చు. నువ్వేమంటావ్?"

ఆయనకూ ఒకప్పుడు ఈ దారులన్నీ చూపించారు. సీనియర్ గారి వరండాలోనే బతుకంతా తెల్లారిపోతుందని మాత్రం ఎవడూ చెప్పలేదు.

"ఇవాళ కోర్టుకి రా తల్లీ. నేను వాదిస్తున్నా. చూశాక నువ్వే తేల్చుకో."

"నువ్వా?" పకపకా నవ్వింది.

"ఏమే, మీ నాన్న నోట్లో నాలుక లేదనుకున్నావా?"

కుట్టు ఫ్యాక్టరీ మిషన్లో రెండు వేళ్లు పోగొట్టుకున్న ఆడమనిషి కేసు అది. తప్పు నీదేనని పనిలోంచి గెంటేశారు. తొమ్మిదేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతోంది. ఇక వాయిదా లేదని జడ్జి కిందటిసారే తెగేసి చెప్పాడు. సీనియర్‌కి ఇంతకంటే పెద్ద కేసు తగిలింది. "ఏదో నువ్వే చెప్పెయ్యవయ్యా" అన్నాడు.

ఫైలంతా ఈయనకు కంఠతా వచ్చు. మిషనుకు అడ్డురేకు లేదని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరే రాసిచ్చిన కాగితం నలభై ఒకటో పేజీలో ఉంది. అదొక్కటి చదివితే చాలు, ఫ్యాక్టరీవాళ్ల నోరు పడిపోతుంది.

కేసు పిలిచారు. ఆయన లేచాడు. వెనక బెంచీలో కూతురు, పక్కనే ఆ మనిషి, ఒళ్లో మూడు వేళ్ల చెయ్యి. గొంతు సవరించుకున్నాడు.

"మా సీనియర్ గారు దారిలో ఉన్నారండీ, వాయిదా..."

హాలంతా గొల్లుమంది.

"ఆఖరి అవకాశమని చెప్పానా లేదా? కొట్టేశాను."

"అయ్యయ్యో, కాదండీ! నలభై ఒకటో పేజీ..."

"తర్వాతి కేసు."

వరండాలో ఆ మనిషి వెంటపడింది. "అదేంటి బాబూ, అయిపోయిందా? నా మాట చెప్పనే లేదుగా?"

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు, గోడకు తల ఆనించాడు. కూతురు పరుగున మంచినీళ్లు తెచ్చేసరికి ఆయనకు వాటితో పనిలేకపోయింది.

కాసేపటికి సీనియర్ వచ్చాడు. "పాపం, ఎదురుమాట ఎరగడమ్మా" అన్నాడు. "నువ్వూ లా చేశావట కదా? దినాలయ్యాక వచ్చెయ్. మూడు కోర్టుల్లో వాయిదాలడిగే మనిషి లేడు నాకు" అన్నాడు.

"నలభై ఒకటో పేజీ ఎప్పుడైనా చదివారా సార్?"

"ఏ పేజీ?"

కూతురు చేతిలోని నీళ్లు నేల మీద పారబోసి, తండ్రిని మోస్తున్నవాళ్ల వెనక నడిచింది. మొయ్యడానికి అడ్డమని విప్పిన కోటు బెంచీ మీదే ఉండిపోయింది. పొద్దున అద్దిన సిరా చెమటకు కరిగి బెంచీకి అంటుకుంది. మణికట్టు దగ్గర పోగులు మళ్లీ తెల్లగా బయటపడ్డాయి.