కారణం ఎంచుకోండి

కంచన్‌బాగ్‌లో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోను తీసుకుని టోకెన్ ఇస్తారు. డ్యూటీ దిగాక టోకెన్ ఇచ్చి ఫోను తెచ్చుకోవాలి. లోపల ఏ లోహం కరిగిస్తున్నామో ముప్పై ఏళ్లుగా మా ఆవిడ లీలమ్మకు కూడా చెప్పలేదు. ఆమె అడగడం కూడా మానేసింది. నోరు కట్టుకుని బతికినవాణ్ణి కాబట్టే మా అమ్మాయి షారోన్ ఫోను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫోను కడుపులో ఒక్క మాట దాగదు.

షారోన్ నెల తప్పిన సంగతి మాకంటే ముందు ఆ ఫోనుకే తెలిసింది. గర్భిణుల కోసమంటూ ఏదో యాప్ వేసుకుంది. ఈ వారం మీ పాపాయి నిమ్మకాయంత అని అది చెబితే లీలమ్మ మురిసిపోయి, మాదన్నపేట మార్కెట్లో నిమ్మకాయను అరచేతిలో పెట్టుకుని చూసుకునేది. ఐదో నెలలో కడుపు పోయింది. అల్లుడు షారోన్‌ను జహనుమాలో మా ఇంట్లో దింపి వెళ్లాడు. అప్పటి నుంచి మేమెవరమూ ఆ మాట ఎత్తలేదు. ఫోను మాత్రం ఎత్తుతూనే ఉంది. ఈ వారం మీ పాపాయి బొప్పాయంత.

షారోన్ యాప్ తీసేసింది. అయినా మెసేజీలు ఆగలేదు. టీవీ పెడితే ఉయ్యాలల ప్రకటనలు. లీలమ్మ రిమోట్ వెతుక్కునేలోపే పిల్ల లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకునేది. ఆ తలుపు చప్పుడుకు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

చివరికి ఆ ఫోను పట్టుకుని వీధి చివర గుండయ్య మొబైల్ దుకాణానికి పోయాను. యాప్ తీసేస్తే చాలదట, అకౌంటు వేరే ఉంటుందట.

"గా అకౌంటు మూసినా గూడ, ప్రేమ్‌రాజన్నా, మన ముచ్చట ఇప్పటికే మస్తు మందికి పోయుంటది. ఒప్పుకున్నం అని నొక్కినం గదా," అన్నాడు.

ఇంటి గుట్టు ఊరంతా చాటమని నా కూతురు ఎప్పుడు ఒప్పుకుందని అడిగాను. మొదటి రోజే అన్నాడు. చదివి నొక్కేవాణ్ణి తాను ఇంతవరకు చూడలేదన్నాడు.

అకౌంటు మూసే చోట 'కారణం ఎంచుకోండి' అని ఉంది. కింద మూడే కారణాలు. బిడ్డ పుట్టింది. వేరే యాప్ నచ్చింది. కొన్నాళ్లు ఆగుతాను. మా కారణం అందులో లేదు. కారణం చెప్పనిదే అది మూయదు. వేరే యాప్ నచ్చిందని నొక్కితే, వెళ్లకండి, మీకోసం కొత్త సదుపాయాలు తెచ్చామని బతిమాలడం మొదలుపెట్టింది. మమ్మల్ని వదిలిపెట్టమని దీని కాళ్లు పట్టుకోవాలా? డ్యూటీ అయిపోయిందంటే ఎవరైనా గేటు దాటనిస్తారు కదా అనుకుని 'బిడ్డ పుట్టింది' నొక్కాను. వెంటనే మూసుకుంది. పీడ వదిలిందని ఇంటికొచ్చాను. ఏం నొక్కానో మాత్రం షారోన్‌కు చెప్పలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటుంటే షారోన్ ఫోను మోగింది. ఎడమ చేత్తో స్పీకర్ నొక్కింది. ఎవరో అమ్మాయి శుభాకాంక్షలు చెప్పింది. డైపర్ల కంపెనీ నుంచట. కానుక పంపుతారట. డబ్బా మీద అచ్చు వేయడానికి పాప పేరు కావాలంది.

నేను నొక్కిన నొక్కుడే అది. ఫోను లాక్కుందామని చెయ్యి చాపాను. షారోన్ ఇవ్వలేదు.

"ఎస్తేరు," అంది. "పుట్టలే. కడుపులనే పోయింది. గిది గూడ రాస్కోన్రి. ముందుగాల ఎవరెవరికి చెప్పిన్రో, వాళ్లందరికి ఇది గూడ చెప్పున్రి."

అవతలి అమ్మాయి సారీ మేడమ్ అని పెట్టేసింది.

బిడ్డకు పేరు పెట్టుకుందని మాకు తెలియదు. అడగలేదు కదా మేము. ముక్కూమొహం తెలియని డైపర్ల కంపెనీ అడిగింది. లీలమ్మ ఎంగిలి చేత్తోనే పిల్లను దగ్గరికి తీసుకుంది. ఆ పేరు ఎప్పుడు అనుకున్నావు బిడ్డా అని అడిగింది. షారోన్ చెప్పడం మొదలుపెట్టింది. నేను ఫోను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను.

కాసేపటికి డబ్బాలో నుంచి మళ్లీ మోగింది. మేము ఎస్తేరు గురించి మాట్లాడుకుంటున్నాం. ఎవరమూ లేవలేదు.