తలుపులో చప్పుడు

అతను ప్లాస్టిక్ పనిముట్టును కారు డోర్ ప్యానెల్ సందులోకి దూర్చి మణికట్టును కొద్దిగా తిప్పాడు. ఒక్కో క్లిప్పూ టప్పున ఊడివచ్చింది. మొత్తం తొమ్మిది. ఒక్కటీ విరగలేదు. ప్యానెల్‌ను చంటిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి పాత దుప్పటి మీద బోర్లా పెట్టాడు. ఖాళీ తలుపులో, ఇనుపరేకుకు బిగించి, కంపెనీ స్పీకర్ కనిపించింది. నల్లటి అట్ట, దాని వెనక బొటనవేలంత అయస్కాంతం.

"ఇంత కారు చేశారు, దానికి గొంతు పెట్టేటప్పటికి చెయ్యి రాలేదు వీళ్ళకి," అన్నాడు.

కౌంటర్ వెనక కూర్చున్న వదిన తలెత్తలేదు. "ముప్ఫై ఏళ్ళుగా ఇదే మాట అంటున్నావు."

"వాళ్ళూ ముప్ఫై ఏళ్ళుగా ఇదే అట్ట పెడుతున్నారు."

అతనికి యాభై రెండు. డాష్‌బోర్డుల కింద మెడ వంచీ వంచీ ఎడమ భుజం కాస్త జారిపోయింది. వేళ్ళ కొసల మీద వైర్లు అతికేటప్పుడు కాలిన తెల్లటి మచ్చలు. పక్కనున్న టైర్ల షాపువాళ్ళు, ఎదురుగా అద్దాలు బిగించే అతను, అందరూ అతన్ని చెవులాయన అనేవారు. కారులో ఎక్కడ ఏ స్క్రూ వదులైనా కూర్చున్న చోటి నుంచే వేలు పెట్టి చూపిస్తాడని పేరు. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళకి, వచ్చిన సంబంధాలన్నీ ట్రెబుల్ ఎక్కువై కీచుమంటున్నాయని చెప్పి నవ్వించేవాడు.

నాలుగేళ్ళుగా అతని కుడిచెవికి సన్నటి శబ్దాలు వినబడటం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ ఒకరోజు పని పూర్తయ్యాక వదిన తనంతట తానే వచ్చి కారులో కూర్చుంది. "కుడివైపు గాజులు గలగలలాడినట్టుంది అబ్బాయ్, కొంచెం తగ్గించు," అంది. అతను తగ్గించాడు. అప్పటి నుంచి ప్రతి కారులోనూ చివర ఆమె కూర్చుంటుంది. ఎందుకో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఈ సాయంత్రం ఆమె వెళ్ళిపోతోంది. ఊరు కాని ఊళ్ళో ఉన్న ఆమె చెల్లెలికి కాలూ చెయ్యీ పడిపోయాయి, చూసుకునే దిక్కు లేదు. ఇక అక్కడే ఉండిపోతుంది. సర్దుకున్న సంచులు రెండూ వెనకగదిలో ఉన్నాయి. పొద్దున్నుంచి ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

కారు ఒక టీచరమ్మది. ఉదయం బడికి వెళ్తూ వదిలిపెట్టింది. "పాట పెడితే ఎవరో ముసుగు తన్ని పడుకుని పాడుతున్నట్టుందండీ. మా అమ్మని వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, గంట దారి. పాటలు వింటూ ఉంటే ఆవిడకి సూదులు గుర్తురావు. దీంట్లో ఒక్క మాటా తెలియట్లేదని ఈమధ్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంటోంది. నాలుగింటికి అమ్మని తీసుకునే వస్తాను," అని చెప్పింది.

అతను స్పీకర్ వైర్లకు చిన్న బ్యాటరీ ఆనించి చూశాడు. ఎడమ తలుపులోని స్పీకర్ అట్ట ముందుకు రావాల్సింది వెనక్కి పోయింది. ఫ్యాక్టరీలోనే వైర్లు తిరగేసి కలిపారు. ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతోంది, ఇక మాట ఎలా నిలుస్తుంది? వైర్లు సరిచేశాడు. తలుపు రేకు అదరకుండా లోపల నల్లటి జిగురుషీట్లు పరిచి రోలరుతో నొక్కాడు. కొత్త స్పీకర్లు దించి, సన్నటి శబ్దాలు పలికే చిన్న ట్వీటర్లను అద్దాల మూలల్లో కూర్చి, సీటు కింద యాంప్లిఫయర్ బిగించాడు. ప్యానెళ్ళు తిరిగి పెట్టి, తలుపులన్నీ మూసుకుని కూర్చుని పాట పెట్టాడు.

టక్. టక్. టక్.

ఎడమ తలుపులోంచి. పాట ఆపాడు. నిశ్శబ్దం.

దిగి, ఎడమ తలుపు మళ్ళీ విప్పాడు. క్లిప్పులకు స్పాంజి చుట్టాడు, వైరుకు గుడ్డ చుట్టి కట్టాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ అదే. మూడు దెబ్బలు, మధ్యలో కాస్త ఎడం.

రెండోసారి విప్పుతుంటే అడిగింది వదిన, "ఏమైంది?"

"ఏదో కొట్టుకుంటోంది."

ఆమె వచ్చి తలుపుకు చెవి ఆనించి పాట మొత్తం వింది. "ఏమీ లేదు అబ్బాయ్."

ఆమెకు వినబడదని అతనికి తెలుసు. ఈ చప్పుడు కొత్తది కాదు. పదకొండేళ్ళుగా అడపాదడపా ఏదో ఒక కారులో వస్తుంది. వచ్చినప్పుడల్లా అతను తలుపు విప్పుతాడు. ఆ విప్పడం వల్లనే ఈ వీధిలో అతనికి పేరొచ్చింది.

పదకొండేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం, అతను ఇలాగే ఒక కారులో తలుపులు బిగించుకుని గట్టిగా పాట పెట్టి వింటున్నాడు. ఎడమ తలుపులో మూడుసార్లు టక్కుమంది. ప్యానెల్ వదులైందనుకున్నాడు. బేస్ తగ్గించి చూశాడు, ఆగిపోయింది. దొరికిందిలే దొంగ అనుకుని సంతోషించాడు కూడా. పాట పూర్తిగా విని, ఎడమవైపు దిగబోతే ఆ తలుపు తెరుచుకోలేదు. బయట ఏదో బరువు ఆని ఉంది. కుడివైపు నుంచి దిగి చుట్టూ తిరిగి వచ్చేసరికి, అన్నయ్య తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. కుడిచేతి ఉంగరం తలుపు రంగును గీసిన గీతలు మూడు, కళ్ళు నులుముకున్నా పోలేదు.

పిలవడానికి ఊపిరి చాలక తట్టి ఉంటాడు. గుండె హఠాత్తుగా ఆగిపోయిందన్నారు డాక్టర్లు. హఠాత్తుగా కాదని అతనొక్కడికే తెలుసు. ఆ గీతలను ఆ పూటే పాలిష్ పెట్టి చెరిపేశాడు. వదినతో ఒక్క ముక్క చెప్పలేదు.

మూడోసారి ప్యానెల్ ఊడదీసి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గడియారం మూడున్నర దాటింది. వదిన కౌంటర్ మీది కాగితాలు సర్దుతూ, ఎవరో పిలిచినట్టు షట్టర్ వైపు తలతిప్పి, మళ్ళీ పనిలో పడింది. ఎవరూ లేరు. ఆమెకు అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. బేరం కోసం చూస్తోందనుకునేవాడు.

"వదినా," అన్నాడు. "ఓసారి కారులో కూర్చో."

ఆమె వచ్చి పక్కసీట్లో కూర్చుంది. అతను ప్యానెల్‌ను దుప్పటి మీద పెట్టి, తనూ ఎక్కి తలుపు మూశాడు, పాట పెట్టలేదు. స్టీరింగు వైపు చూస్తూ చెప్పాడు. అన్నయ్య ఊపిరి చాలక తట్టిన చప్పుడు, బేస్ తగ్గించడం, పాట పూర్తిగా వినడం, గీతలు చెరపడం. చెప్పడం అయిపోయాక, ఆమె తలుపు తీసుకుని వెళ్ళిపోతుందని ఎదురుచూశాడు.

ఆమె కదల్లేదు. "ఊపిరి చాలక కాదు," అంది. "పిలిచారు."

అతను తల తిప్పాడు.

"మీ అన్నయ్య పిలిచారు. నాకు వినబడింది. ఒరేయ్ అన్నారో, ఏయ్ అన్నారో. అప్పుడే టీ పోసుకున్నాను. నిన్నే పిలుస్తున్నారులే, నువ్వు వెళ్తావులే అనుకుని కూర్చుని టీ తాగాను. సగం కాదు. మొత్తం."

బయట టైర్ల షాపులో గాలి కొట్టే యంత్రం మొదలై ఆగింది.

"నీ చప్పుడు నాకు ఎన్నడూ వినబడలేదు అబ్బాయ్. నాకు పిలుపే వినబడుతుంది. నువ్వు తలుపులు వేసుకుని కారులో కూర్చున్నప్పుడల్లా. ఇన్నేళ్ళూ నేనే చెప్పాలనుకున్నాను. నీ మొహం చూస్తే నోరు రాలేదు. నీకు తెలిసే, పైకి అనలేక ఊరుకుంటున్నావనుకున్నాను."

"నాకేం తెలుసు వదినా."

"అవును. నీకేం తెలుసు." ఆమె అరచేత్తో డాష్‌బోర్డు మీది దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు. "అక్కడికి వెళ్తే వినబడదేమోనని ఒక ఆశ. మా చెల్లెలికి ఎలాగూ మాట పడిపోయింది. పిలిచేవాళ్ళు ఉండరు."

తరువాత ఆమె, "పాట పెట్టు. వాళ్ళు వచ్చే వేళయింది," అంది. ప్యానెల్ ఇంకా బయటే ఉంది. అతను దిగి దాన్ని బిగించి వచ్చి పాట పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది. "కుడివైపు ఒక గీత తగ్గించు. ఊఁ. చాలు." ఎడమ తలుపులో చప్పుడు వచ్చిందో లేదో అతను వినలేదు. ఆమె మొహమే చూస్తున్నాడు.

నాలుగింటికి టీచరమ్మ, వాళ్ళమ్మ వచ్చారు. ముసలావిడ పిడికెడంత మనిషి. మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. ఎక్కడానికి చాలా సేపు పట్టింది. పాట మొదలైంది. మొదటి చరణం దాకా ఆవిడ కిటికీలోంచే చూసింది. ఉన్నట్టుండి కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఆగి ఊపిరి పీల్చుకుంటోందే పిల్ల."

"ఎవరమ్మా?"

"పాడే పిల్లే. లైను లైనుకీ పీల్చుకుంటోంది. నీకు వినబట్టంలా?"

అతను ఎడమచెవి అటు తిప్పి విన్నాడు. అతనికి ఊపిరి వినబడలేదు. వినబడినట్టు తలూపాడు.

టీచరమ్మ వెళ్ళేది బస్టాండు మీదుగానే. వదిన సంచులు అతనే డిక్కీలో పెట్టాడు. ఆమె వెనకసీట్లో ముసలావిడ పక్కన కూర్చుంది. అద్దం దించి, "సాకులు వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ చెవి చూపించుకో," అంది, ఏదో చిల్లర విషయం చెప్పినట్టు. అతను సరేనన్నాడు. కారు మలుపు తిరిగింది. పాట అతని ఎడమచెవిలో కాసేపు ఉండి వెళ్ళిపోయింది.

అతను కత్తిరించిన వైరు ముక్కలు ఏరాడు. కంపెనీ అట్ట స్పీకర్లను డబ్బాలో వేశాడు. నేల ఊడ్చాడు. కౌంటర్ వెనక్కి అతను ఎప్పుడూ పోలేదు. ఈసారి పోయాడు. ఆమె కుర్చీలో, మిగిలిపోయిన స్పీకర్ గుడ్డతో కుట్టుకున్న నల్లటి దిండు ఒకటి ఉంది. లోపలి స్పాంజి ఎప్పుడో అణిగిపోయింది. ఆమె కూర్చున్న చోట పడిన గుంట, పొంగకుండా, అలాగే ఉంది.