నాయింటర్

పక్షవాతం వచ్చి తగ్గాక ఆథల్ బర్రిడ్జ్ నోట్లో మిగిలింది ఒక్క మాట. అది ఏ కూతురి పేరో, పడవ పేరో అయినా బాగుండేది. మంగళవారం. టీ కావాలన్నా మంగళవారం, కిటికీ మూయమన్నా మంగళవారం, ఒళ్ళు మండినా మంగళవారమే. ఎదుటివాళ్ళు అనేదంతా శుభ్రంగా అర్థమవుతుంది. తిరిగి చెప్పబోతే ఆ ఒక్క రోజే బయటికొస్తుంది. ఎడమచేత్తో రాయబోతే గీతలు తప్ప అక్షరం పడదు. టాస్మేనియాలోని డోవర్ రేవులో ఇన్నేళ్ళు స్కాలప్ అనే గుల్లలు పట్టే పడవ నడిపి, అవతలి పడవవాళ్ళని ఒడ్డున నిలబడే తిట్టిపోసిన మనిషికి ఇంతకన్నా అన్యాయం ఏం జరగాలి.

జబ్బు చేయకముందు మెల్‌బోర్న్ నుంచి కొందరు వచ్చి, కంప్యూటర్లో ఆడే డిటెక్టివ్ ఆట ఒకటి తీస్తూ ఊళ్ళోవాళ్ళ చేతే వేషాలు వేయించారు. ఆథల్‌ది పడవవాడి వేషం. "రాసింది చదవకండి, మీ మాటల్లోనే చెప్పండి" అన్నారట. ఆయనకి అంతకన్నా ఏం కావాలి. సాయంత్రం ఇంటికొచ్చి కూతురు నెరిడాతో, "అందులో నీకోసం ఒకటి పెట్టొచ్చానే. ఆట వచ్చాక వెతుక్కో. నేను మాత్రం చచ్చినా చెప్పను" అని మీసాల్లో నవ్వుకున్నాడు. ఆట వచ్చేసరికి చెప్పడానికి నోరే లేకపోయింది.

అదో చిత్రమైన ఆట. అందులో పరుగులూ లేవు, కాల్పులూ లేవు. తెర మీద పాత పోలీసు కంప్యూటరు, దాని మధ్య ఒక ఖాళీ గడి, అంతే. తప్పిపోయిన పిల్ల గురించి ఊరివాళ్ళు పోలీసులకి చెప్పినవన్నీ చిన్న చిన్న వీడియోలుగా లోపల దాగి ఉంటాయి; ఏది ఆడినా అందులోని మాటలు కింద అక్షరాల్లో పడతాయి. గడిలో ఒక మాట కొడితే ఆ మాట పలికిన వీడియోలు వస్తాయి, అవీ మొదటి మూడే. 'కూతురు' అని కొడితే తల్లి ఏడుపులు మూడు వచ్చి దారికి అడ్డం కూర్చుంటాయి. వెనక ఉన్నవి కావాలంటే మరెవ్వరూ అనని మాట పట్టుకోవాలి.

తప్పిపోయిన పిల్ల ఏమైందో నెరిడాకి అక్కర్లేదు. ఆమెకి నాన్న గొంతులో ఒక్క మాట కావాలి. కెమెరా కనబడితే మొహం తిప్పుకునే మనిషి కావడం వల్ల ఇంట్లో ఆయన గొంతు ఎక్కడా మిగల్లేదు. ఆయన ఆమెని పేరు పెట్టి పిలిచింది తక్కువ. నాయింటర్ అనేవాడు. మాట వినని అల్లరి పిల్లని ఆ టాస్మేనియా పల్లెల్లో పాతవాళ్ళు అలాగే అంటారు. ఆమెకి నలభై దాటినా, కౌన్సిల్ ఆఫీసులో నలుగురి మీద పెత్తనం చేస్తున్నా, గుమ్మంలో అడుగు పెడితే "వచ్చిందయ్యా నాయింటర్" అనే పిలుపే. ఆయన దాచింది ఆ మాటేనని మొదటిరోజే ఊహించి గడిలో కొట్టింది. ఏమీ దొరకలేదంది తెర.

"నాయింటర్ కాదా నాన్నా?" అని అడిగితే అవునని తల ఊపాడు. "మరి రావడం లేదే" అంటే కాదని ఊపాడు. అవునూ ఆయనే, కాదూ ఆయనే. ఆ తరవాత ఎడమచెయ్యి చాచి, పొయ్యి పైన అరమీదున్న ఆయింట్‌మెంట్ గొట్టం వైపు చూపించి, "మంగళవారం, మంగళవారం" అని అరిచాడు. పాపం భుజం లాగుతున్నట్టుందని ఆయన చెల్లెలు మెర్ల్ చొక్కా తీయించి మర్దనా చేసింది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నొప్పి అంత ఉంది కాబోలనుకుని మెర్ల్ ఇంకాస్త గట్టిగా రుద్దింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఇదే తంతు. నెరిడా ఆఫీసు నుంచి వచ్చి పడవ, వల, గాలి, చేపలు, గుర్తొచ్చినదల్లా కొడుతుంది. ఆయన గొట్టం చూపిస్తాడు. మెర్ల్ రుద్దుతుంది. రానురాను ఆయన చూపించడం మానేసి, కుర్చీ కిటికీ వైపు తిప్పించుకుని రేవు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. నెరిడాకి భయం వేసింది. ఇన్నాళ్ళూ ఆ కోపమే ఆయన్ని మనిషిగా నిలబెట్టిందని, అదీ పోతే ఇక మిగిలేదేమీ ఉండదని ఆమెకి తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం మెర్ల్ స్కాలప్ కూరిన రొట్టెని పొయ్యిలోంచి తీస్తుంటే, నెరిడా 'లంగరు' అని కొట్టింది. నాన్న వచ్చాడు. నీలం టోపీ, రెండు చేతులూ ఆడిస్తూ మాట్లాడుతున్నాడు. "మా పక్కన లంగరు వేసే కెల్వినా? వాణ్ణి పట్టించుకోకండి, వాడో రమ్మన్" అన్నాడు.

మెర్ల్ పళ్ళెం పట్టుకుని తొంగిచూసింది. "ఆ కింద రాసిందేమిటే? కెల్విన్ రోమనా? వాడు హోబర్ట్ పట్నం దాటి ఎరగడు, రోమెప్పుడెళ్ళాడు?"

"రమ్మన్ అంటే తిక్కమనిషి అని వాళ్ళకేం తెలుసత్తా. మెల్‌బోర్న్ వాళ్ళు. చెవికి ఏది వినబడితే అది..." నెరిడా తెర మీదికి వంగి ఆ రాత మళ్ళీ చదివింది. గడిలో మాట వెతికేది కింద రాసిన రాతలోనే. నాన్న ఏమన్నాడన్నది కాదు, వాళ్ళేం రాసుకున్నారన్నదే లెక్క. నాయింటర్ ఆ చెవులకి ఏమని వినబడి ఉంటుంది?

ఆమె అరమీద గొట్టం వైపు చూసింది. తరవాత నాన్న వీపు వైపు చూసింది.

"అత్తా, మనం ఆయనకి భుజం రుద్దుతున్నామే" అంది.

ఆయింట్‌మెంట్ అని కొట్టింది. ఒకే ఒక్క వీడియో వచ్చింది.

"ఆ తప్పిపోయిన పిల్ల మంచిదేనమ్మా, కాకపోతే నాయింటర్" అంటున్నాడు ఆథల్. కెమెరా వెనక నుంచి ఎవరో అమ్మాయి గొంతు, "ఏంటండీ? ఆయింట్‌మెంటా?" అంది. ఆయన పడీ పడీ నవ్వి, "అలాగే రాసుకో తల్లీ, ఇంకా మంచిది" అన్నాడు. నవ్వు ఆపుకుని సూటిగా కెమెరాలోకి చూశాడు. "మా ఇంట్లోనూ ఉందొక నాయింటర్. ఏదైనా పట్టిందంటే వదలదు. ఏం నాయింటరూ, వచ్చావా?"

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. నెరిడా వెళ్ళి ఆయన్ని ఇటు తిప్పి, కంప్యూటరు ఒళ్ళో పెట్టింది. ఆయన ఎడమచేత్తో ఆమె తల మీద ఒకటి మొట్టాడు. ఇన్నాళ్ళు పట్టిందా నీకు అన్నట్టుంది ఆ మొట్టికాయ. మెర్ల్ మాత్రం వంటింట్లోకి వెళ్ళి, తన చేతులవంక చూసుకుంటూ చాలాసేపు ఏడ్చింది.

ఆ వీడియో మళ్ళీ ఆడించే మీట నొక్కడం ఆయన ఒక్కరోజులో నేర్చుకున్నాడు. ఇప్పుడు నెరిడా పెరట్లో ఉన్నా, మేడ మీద ఉన్నా ఆయన పిలవగలడు. "ఏం నాయింటరూ, వచ్చావా?" అని ఇల్లంతా వినబడుతుంది. "వస్తున్నా నాన్నా" అని ఆమె చేతిలో పని వదిలేసి వస్తుంది. అలా పిలిపించుకుని పరుగెత్తడం మొదట్లో ఎంత హాయిగా ఉండేదో చెప్పలేం.

నిన్న మళ్ళీ పిలిచాడు. ఒకసారి కాదు, ఆపకుండా. ఆమె తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆయన మొహం ఎర్రబడి ఉంది.

"ఏం కావాలి నాన్నా?"

"మంగళవారం" అన్నాడు.

టీ చూపించింది. కాదన్నాడు. కంబళి, కిటికీ, ఆయింట్‌మెంట్. కాదు, కాదు, కాదు. ఆయన కంప్యూటరు వైపు ఆశగా చూసి మీట నొక్కాడు. "ఏం నాయింటరూ, వచ్చావా?" అంది అది, నవ్వుతూ.

"వచ్చాను నాన్నా" అంది నెరిడా. ఆయన వేలు మళ్ళీ మీట మీదికి వెళ్ళింది. ఆమె గది మధ్యలో నిలబడి, ఈసారి ఏ మాట వెతకాలోనని ఒక్కొక్క వస్తువునూ చూడటం మొదలుపెట్టింది.