అంచుకు అతుక్కునే పెట్టె

ఆ రోజు ఇంట్లో అమ్మ, సాయికిరణ్ అన్న, అన్న తయారుచేసిన సాఫ్ట్‌వేర్ చూడడానికి యాప్రాల్ నుంచి వచ్చిన సుధీర్ సారు, నేను ఉన్నాం.

అది ప్లాట్ల మ్యాపు గీసే సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ తెర మీద రంగులుండే పెట్టె మ్యాపుకు అడ్డం వచ్చేది. పెళ్లికార్డు ముక్కను పళ్లెంలో జరుపుతూ, పెట్టెను తెర అంచుకు తెస్తే అతుక్కోవాలని, లాగితే ఊడిరావాలని అన్నకు చూపించింది నేనే.

"భలే ఉందయ్యా! ఎవరి ఆలోచన?" అన్నాడు సారు, పెట్టె అంచుకు అతుక్కోవడం చూసి.

"నాదే సార్," అన్నాడు అన్న.

నా ఒళ్లు మండింది. చాయ్ పళ్లెం బల్ల మీద ఠపీమని పెట్టాను. "అబద్ధం! నేను జెప్పిన."

అన్న నవ్వాడు. "మా చెల్లెకు మౌస్ పట్టుడు గూడ రాదు సార్."

"నువ్వు ముట్టనిస్తే గదా వచ్చేది!"

"ఏందే గా లొల్లి?" వంటింట్లోంచి అమ్మ అరిచింది.

అన్న నన్ను బయటికి నెట్టి తలుపేశాడు.