వాపస్ సరుకు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు మీద నాకొక ధరమ్‌కాంటా ఉంది. లారీ ఇనుప ప్లేటు మీదికి ఎక్కుతుంది, గదిలో డబ్బా మీద అంకె పడుతుంది, మేం చీటీ ఇస్తాం. ఖాళీ బండిని ఒకసారి, నిండు బండిని ఒకసారి తూస్తాం. మధ్యలో ఉన్న తేడా సరుకు. నా కాంటా మీద ఒక నియమం ఉంది. రెండుసార్లూ డ్రైవర్ కిందికి దిగాలి. ఖాళీ బండికి దిగి, నిండు బండికి లోపలే కూర్చుంటే మనిషి బరువు కూడా కంకర ధరకు అమ్ముడుపోతుంది. ఇరవై రెండేళ్లలో ఈ నియమం మీద నాతో గొడవపడని డ్రైవర్ లేడు, చివరికి దిగని డ్రైవరూ లేడు.

ఇంకో నియమం ఇంటిది. సరుకు పారేయకూడదు. అమ్ముడుపోకపోతే వాపస్ తేవాలి. తెచ్చిన సరుకు ఎప్పుడో ఒకప్పుడు దేనికో పనికొస్తుంది. మా కొట్టంలో విరిగిన నాగలి నుంచి పగిలిన ప్లాస్టిక్ డబ్బాల దాకా అన్నీ ఉంటాయి. "ఈయన ఊడిన పన్ను గూడ కాయితంల సుట్టి పెట్టిండు" అని నా భార్య సత్యమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అబద్ధమేం కాదు.

మా ఒక్కగానొక్క కొడుకు నవీన్ నౌకాదళంలో పైలట్. మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో పెరిగినవాడికి నీళ్లంటే శామీర్‌పేట చెరువు, అంతే. అలాంటివాడు ఇప్పుడు సముద్రం మధ్యలో ఓడ మీద నుంచి విమానం లేపుతాడు, మళ్లీ ఆ ఓడ మీదే దించుతాడు. జూన్ మొదట్లో ఫోన్ చేసి, "బాపు, ఓడెక్కుతున్న. ఇగ కొన్ని దినాలు ఫోన్ కలువది. అమ్మకు జెప్పు, పరేషాన్ కావొద్దని" అన్నాడు. అప్పటినుంచి పదహారు రోజులు. యుద్ధం వస్తుందేమోనని టీవీలో రోజూ సముద్రాన్ని, ఓడలను చూపిస్తూనే ఉన్నారు. సత్యమ్మ టీవీ పెట్టడం మానేసింది. నేను కాంటా దగ్గర ఫోన్‌లో చూస్తున్నాను.

పదహారో రోజు పొద్దున చలపతిరావు గారు వచ్చారు. యాప్రాల్‌లో ఉంటారు, బౌరంపేట్‌లో ఇల్లు కట్టుకుంటున్నారు. ప్రతి ఇసుక లారీనీ దగ్గరుండి తూయించుకునే మనిషి. నాకు అలాంటివాళ్లంటే గౌరవం. ఆయనది విశాఖపట్నం వైపు. నౌకాదళంలో ముప్పై ఏళ్లు చేసి వచ్చారు. ఇలాంటిదే ఒక పాత ఓడ మీద విమానాల రెక్కల కింద ఆయుధాలు బిగించడం, తిరిగొచ్చాక విప్పడం ఆయన పని.

చాయ్ తెప్పించి అడిగాను. "సార్, మావోడు ఓడ మీదనే ఉన్నడు. యుద్ధమైతే లేదు. ఆయుధాలు కట్టుకోని పోతడు, చుట్టు తిరుగుతడు, ఏం పేల్చకుండ వాపస్ తెస్తడు. గట్లయితే మంచిదే గద? సరుకు మిగిలినట్టే గద?"

ఆయన చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టారు. "జనార్ధన్ గారూ, మీరు కాంటా పెట్టుకుని ఈ మాట అనకూడదండీ."

"ఏంది సార్?"

"ఓడ మీద విమానం ఎలా దిగుతుందో తెలుసా? రన్‌వే ఉండదు, అంత చోటెక్కడ? డెక్ మీద అడ్డంగా ఇనుప తాళ్లు కట్టి ఉంటాయి. విమానం వెనక ఒక కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెం తాడుకి తగులుకుని ఆగాలి. ఆ తాడు ఇంత బరువు ఆపుతుందని లెక్క ఉంది. అంతకు మించితే తాడైనా తెగుతుంది, కొక్కెమైనా ఊడుతుంది. పోయేటప్పుడు ఇంధనం నిండా, ఆయుధాలు నిండా. వాడేసి వస్తే తేలికవుతాడు. వాడకుండా వస్తే?"

"బరువుంటడు."

"ఉంటాడు కదా. మరి దేన్ని తగ్గించుకోవాలి? బండి బరువు తగ్గదు. మీలాగా డ్రైవర్‌ని దిగమనడానికీ లేదు." ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "ఇంధనం తగ్గించుకోవాలి. కొంచెం ఇంధనంతో దిగడానికొస్తాడు. కొక్కెం తాడుకి తగిలిందా, సరే. తగల్లేదా, మళ్లీ లేచి చుట్టు తిరిగి రావాలి. వానాకాలం, ఓడ ఊగుతా ఉంటుంది. రెండోసారీ తగల్లేదనుకోండి. మూడోసారికి ట్యాంకులో ఏముంటుంది? చుట్టూ నీళ్లే."

"గప్పుడేం జేస్తరు?"

"ఆయుధాలు సముద్రంలో వదిలేసి తేలికవుతారు. తేలికైతే ఇంకా నెమ్మదిగా దిగొచ్చు, ఉన్న ఇంధనమే ఇంకాసేపు వస్తుంది. ఓడ మీద పెద్దాయన రేడియోలో అడుగుతాడు, వదిలేస్తావా, ఇంకోసారి చూస్తావా అని. చాలామంది బుద్ధిగా వదిలేస్తారండీ. కొందరు కుర్రాళ్లకే మనసొప్పదు. అంత ఖరీదైంది నా చేత్తో నీళ్లలో వేయడమేంటని, ఇంకోసారి చూస్తాను సార్ అంటారు."

"గదెంతుంటది సార్, ఒక్కొక్కటి?"

"చెప్పనండీ. చెబితే ఈ వారమంతా మీకు నిద్రుండదు."

ఆయన ఇసుక లారీ వెంట వెళ్లిపోయారు. ఖరీదు తెలియకుండానే నాకు నిద్ర లేకుండా పోయింది. ఎందుకంటే ఆ కొందరు కుర్రాళ్లను తయారుచేసేది ఎవరో నాకు తెలుసు.

నవీన్‌కు పద్దెనిమిదేళ్లప్పుడు మా టమాట ధర పడిపోయింది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కొనేవాడు లేక రైతులు రోడ్డు పక్కన పారబోసి ఖాళీ డబ్బాలతో ఇళ్లకు పోతున్నారు. ఆ రోజు మా ట్రాలీని నవీన్ తోలుకుపోయాడు, తోడు మా జీతగాడు లింగం. వానపడుతోంది, బ్రేకులు సరిగా లేవు, అయినా వాడు నిండు ట్రాలీని వెనక్కి తీసుకొచ్చాడు. చెరువు దగ్గరి దిగుడులో ట్రాలీ ట్రాక్టర్‌ను ముందుకు నెట్టి, రెండూ పక్కకు పడ్డాయి. వాడి మోచేతికి తొమ్మిది కుట్లు. లింగం కాలు విరిగింది, ఇప్పటికీ కుంటుతాడు. నేను పోయి ఏం చేశాను? ఇద్దరినీ ఆసుపత్రికి పంపాను, నిజమే. తర్వాత వానలో నిలబడి డబ్బాలు లెక్కపెట్టాను. నలభై రెండు. ఆసుపత్రిలో వాడి భుజం తట్టి, "శభాష్ రా, అందరు పారబోస్తె నువ్వు వాపస్ తెచ్చినవ్" అన్నాను.

లింగం ఇప్పుడు కాంటా గదిలో చీటీలు రాస్తాడు. రావు గారు పోయాక మా మాటలన్నీ విన్నవాడిలా నా వైపు చూశాడు.

"ఏం లింగం?"

"ఏం లేదు పటేలా."

"జెప్పురా."

"గా దినం మార్కెట్ గేటు కాడనే నేను జెప్పిన, పారబోద్దాం బిడ్డా, బండి ఆగుతలేదు అని. 'బాపు డబ్బలు లెక్కవెడ్తడు మామా' అన్నడు." లింగం చీటీల కట్టను సర్దాడు. "లెక్కవెట్టినవ్ గద మరి."

"పదేండ్ల సంది ఎందుకు జెప్పలె?"

"జెప్తె కాలు అతుక్కుంటదా?"

నేను బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి రావు గారికి ఫోన్ చేశాను. నవీన్‌కు కబురు పంపే దారి ఏదైనా ఉందా అని అడిగాను. వాట్సాప్‌లో పెట్టండి, తీరానికి దగ్గరైనప్పుడో, తీసిపెట్టుకున్న ఫోన్ చేతికిచ్చినప్పుడో వింటాడు అన్నారు. "కానీ అందులో ఓడ మాట, ఆయుధం మాట ఎత్తకండి. కుర్రాడికి చిక్కు" అని గట్టిగా చెప్పారు.

ఇక నాకు మిగిలింది టమాటలే. ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాను. "బిడ్డా, నవీన్. నేను బాపును. గా టమాటల దినం నేను నిన్ను శభాష్ అన్న. తప్పన్న. పారబోయాల్సిండె. బండి బరువుంటె సరుకు పారెయ్. ఎంత ఖరీదైనా పారెయ్. వాపస్ తేవద్దు. ఇగ నేను లెక్కవెట్ట. డబ్బలు గూడ లెక్కవెట్ట." ఇంకేదో చెప్పాలనుకున్నాను. వెనక ఒక డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆ హారన్ కూడా అందులోనే పోయింది.

ఒకటే టిక్కు పడింది.

మరునాడూ ఒకటే టిక్కు. సత్యమ్మకు చెప్పలేదు, కానీ ఆమె నా ఫోన్ తీసి చూసి, మెసేజ్ మొత్తం విని, ఫోన్ నా ముందు పెట్టింది. "పదేండ్లకు తెలిసొచ్చిందా?" అంది. "నేను గప్పుడే జెప్తె ఇన్నవా? పిలగాని చెయ్యి కుట్లేస్తుంటె నువ్వు డబ్బలు లెక్కవెడ్తివి." ఆ మాట తర్వాత మూడు రోజులు మేమిద్దరం అన్నం దగ్గర తప్ప మాట్లాడుకోలేదు. నేను లెక్క వేయడం మానలేకపోయాను. బండి బరువు ఇంత, ఇంధనం ఇంత, ఆయుధాలు ఇంత. అంకెలు నాకు తెలియవు, అయినా కూడికలు వస్తూనే ఉన్నాయి. ఎలా కూడినా మిగిలేది లోపల కూర్చున్నవాడే. దిగలేనివాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండున్నరకు కంకర లారీ ఒకటి ప్లేటు మీద ఉండగా ఫోన్ మోగింది.

"బాపు."

నేను లారీని వదిలేసి గది బయటికి వచ్చాను.

"బాపు, ఇనబడ్తాందా?"

"ఇనబడ్తాంది బిడ్డా. మంచిగున్నవా?"

"మంచిగున్న. ఇప్పుడే ఫోన్ చేతికొచ్చింది. నీ మెసేజ్ ఇన్న. గా హారన్ ఎవనిది, చెవులు పోయినయ్."

"కంకర లారోడు. నువ్వు జెప్పు."

"ఏం జెప్పాలె? నువ్వు మెసేజ్ పెట్టంగ నాకు అందలేదు గద. గని మొన్న ఒక దినం…" పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, మాటలు ఏరుకుంటున్నాడు. "మొన్న టమాటలు పారబోసిన బాపు."

నేను కాంటా గది గోడకు ఆనుకున్నాను.

"రెండుసార్లు చూసిన, దొరకలె. సార్ అడిగిండు, పారబోస్తవా, గట్లనే ఇంకోసారి చూస్తవా అని. చూస్త అని నోటిదాకొచ్చింది. గప్పుడు లింగం మామ గుర్తొచ్చిండు. మార్కెట్ గేటు కాడ చెయ్యి పట్టుకోని గుంజిండు గదా నన్ను, పారబోద్దామని. ఇగ పారబోసిన. మూడోసారి దొరికింది."

"మొత్తం పారబోసినవా?"

"మొత్తం."

"డబ్బలు గూడ?"

"డబ్బలతోటి బాపు." వాడు నవ్వాడు. ఆ నవ్వు విన్నాక నేను ఇనుప మెట్టు మీద కూర్చున్నాను. "తిడతవనుకున్న" అన్నాడు.

"ఎందుకు తిడ్త? శభాష్ రా." అదే మాట మళ్లీ అన్నానని అన్నాక తెలిసింది. వాడికీ తెలిసింది కాబోలు. "అమ్మకు చెయ్ బిడ్డా, జల్దీ చెయ్" అని పెట్టేశాను.

లింగం కిటికీలోంచి తల బయట పెట్టాడు. నేను చెప్పాను, ఉన్నదున్నట్టు. మార్కెట్ గేటు దగ్గర చెయ్యి పట్టుకుని గుంజిన సంగతి కూడా. అతను రాస్తున్న చీటీని పక్కన పెట్టాడు. తర్వాత, "గింత ఆలస్యంగ ఇన్నడా నా మాట?" అని, కళ్లు తుడుచుకుని, డ్రైవర్ మీద అరిచాడు. "ఏయ్, ఏం కూసున్నవ్ లోపల? దిగు కిందికి!"

సాయంత్రం చలపతిరావు గారికి ఫోన్ చేసి ఒకటే అడిగాను, పారబోసినందుకు పిల్లవాడి మీద ఏమైనా వస్తుందా అని. "నాలుగు కాగితాలు రాయాలండీ. ఎందుకు వదిలావు, ఎక్కడ వదిలావు, ఎవరు చెప్పారు" అన్నారు. "రాయనివ్వండి. రాయడానికి మనిషున్నాడు కదా."

ఇంటికి పోయాక కొట్టం తలుపు తీశాను. ఆ నలభై రెండు డబ్బాలు పదేళ్లుగా మూలనే ఉన్నాయి. సగం ఆ రోజే పగిలాయి, మిగతావి ఎండకు పెళుసెక్కాయి. రోడ్డు మీద పోతున్న పాత సామాన్ల ఆటోను పిలిచాను. వాడు కిలోకు ఇంత అని ఏదో చెప్పబోతే, వద్దు, ఎత్తుకోని పో అన్నాను.

సత్యమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసింది. కొడుకుతో గంటసేపు మాట్లాడి ముఖమంతా ఉబ్బి ఉంది. ఆటో వెళ్లేదాకా నిలబడింది. తర్వాత వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"జరం గిట్ల వచ్చిందా ఏంది?"

"రాలె."

"మరి తూసినవా?"

"తూయలె."

ఆమె లోపలికి పోయి టీవీ పెట్టింది.