పట్టికలో రెండో పేరు

ఎనభై తొమ్మిదిలో మా నూలు కంపెనీకి రెండు కంప్యూటర్లు వచ్చాయి. ఒకటి తిరువళ్ళూరు ఆఫీసులో, నా ముందు. రెండోది తిరుత్తణి గోడౌనులో. మధ్య టెలిఫోను తీగ. మద్రాసు ఇంజనీరు నటరాజ్ వాటికి పేర్లు పెట్టాడు. తిరుత్తణి దానికి ఆ కొండ మీది స్వామి పేరే పెట్టాడు. నా ఖర్మ, మా ఆయన పేరూ అదే. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆ పేరు నేను నోట అనలేదు, చేత్తో రాయలేదు. కంప్యూటరు వచ్చిందని ఇప్పుడు మొదలుపెడతానా?

ప్రతి కంప్యూటరుకూ ఒక నెంబరుంటుంది. ఏ పేరుది ఏ నెంబరో పట్టికలో ఎక్కించి పెడితే, పేరు కొట్టగానే అవతలిది పలుకుతుంది. అందరూ పేరే కొట్టేవాళ్ళు. నేను మాత్రం 192.9.200.7 అని నెంబరంతా కొట్టేదాన్ని. సిగ్గేసి కారణం ఎవరికీ చెప్పలేదు. నవ్వేవాళ్ళు నవ్వారు, నాకేం.

ఆ శుక్రవారం యజమాని చూడటానికి వచ్చాడు. తిరుత్తణి సరుకు వివరం తెర మీద కనిపించకపోతే కంప్యూటర్లు వెనక్కి పోతాయి, వాటితోపాటు నా టెంపరరీ ఉద్యోగమూ పోతుంది. నటరాజ్ పేరు కొట్టాడు. రాలేదు. మళ్ళీ కొట్టాడు. పొద్దున సాఫ్టువేరు కొత్తగా ఎక్కించినప్పుడు పట్టిక తుడిచిపెట్టుకుపోయింది. నెంబర్ల కాగితం మద్రాసులో ఉండిపోయింది.

"ఆ కొండ మీది సామి యాడికి పోయినాడబ్బా?" అన్నాడు మేనేజరు వరదయ్య, చెమట తుడుచుకుంటూ.

"కొంచెం జరగండి సార్" అని కూర్చుని నెంబరు కొట్టాను. తిరుత్తణి నూలు బేళ్ళన్నీ తెర నిండా దిగాయి. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

"ఆ నెంబరు పట్టికలో ఎక్కించేయమ్మా" అన్నాడు నటరాజ్. ఎక్కించాను. పక్కన పేరు కొట్టాలి. చేయి ఆగిపోయింది.

"ఒక నెంబరుకు ఇంకో పేరు కూడా పెట్టొచ్చునా సార్?"

"ఎన్నైనా పెట్టొచ్చు."

"అయితే మొదటిది మీరు కొట్టండి."

నటరాజ్ కొట్టాక, పక్కనే నేను ఇంట్లో మా ఆయన్ని పిలిచే 'మామ' అని కొట్టాను. యజమాని వేడుకగా ఆ రెండో పేరుతోనే పిలిచి చూశాడు. తిరుత్తణి టక్కున పలికింది.

సాయంత్రమే పర్మనెంటు ఫారం ఇచ్చారు. భర్త పేరు అన్న గడి దగ్గర పెన్ను నటరాజ్ చేతికిచ్చాను.

"ఏం పేరమ్మా?" అన్నాడు.

తెర మీద ఆయన కొట్టిన పేరు వేలితో చూపించాను. ఆయన ఆ పేరునూ, పక్కనున్న 'మామ'నూ, నన్నూ మార్చి మార్చి చూసి, రాయడం మరిచి నవ్వుతూ కూర్చున్నాడు.